నూనె ఎక్కడ కారుచున్నది?



ఈ నెల మేము వ్రాయబూనినది ఒక మోటారు కారునుండి కారిన నూనెను గూర్చిన సంగతి. ఇట్టి పత్రికలో ఇంజను మాటలేల యని కొందరు అనుకొనవచ్చును. ఆ నూనె చుక్కల జాడ వెదకుచు పోగా, మేము ఒక మనుష్యునియెడల చేసిన అన్యాయము మాకే కనబడెను గనుక వ్రాయుచున్నాము. మా సంఘస్థులలో పలువురు దీనిని ఎరుగుదురు. ఎరుగని గ్రామములవారు ఇతరులవలన వినుటకంటె మా నోటనే వినుట మంచిదని తోచినది.

మా సంఘమునకు ఒక పాత పెట్రోలు అంబాసడరు కారు కలదు. ఎనిమిది గ్రామముల పరిచర్యకు అదియే ఆధారము. 108 బండి రాక ఆలస్యమైన రాత్రులలో నొప్పులు పడు స్త్రీలను ఆసుపత్రికి చేర్చినదియు అదియే. ఇంగ్లాండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1958 నుండి ఈ కార్లను చేయుచు వచ్చిరి. 2014లో చేయుట మానిరి. అప్పటినుండి దానికి కంపెనీ సామాను దొరకుట కష్టమైనది. ఇప్పుడు దొరకునది పాత బండ్లనుండి ఊడదీసిన సామాను, లేక బయటివారు చేసి అమ్ము సామాను. మొదటిదానిని సెకండు అనియు, రెండవదానిని లోకలు అనియు షెడ్లలో పిలుతురు.

గత వేసవిలో మా బండి నడుమనడుమ కుదుపులిచ్చి ఆగిపోసాగెను. మేస్త్రీ చూచి, డిస్ట్రిబ్యూటరు బుష్షు అరిగినది, ఇరుసు ఊగుచున్నది, మార్చవలెనని చెప్పెను. డిస్ట్రిబ్యూటరనగా ఇంజనులోని నాలుగు సిలిండర్లకు నిప్పురవ్వను వరుస తప్పక పంచిపెట్టు పరికరము. ఈ ఇంజనులో ఆ వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజను రెండు చుట్లు తిరిగిన యెడల అది ఒక చుట్టు తిరుగును. దాని తల ఇంజనుకు బయట నుండును. కాలు లోపల నూనె చిమ్ము చోట నుండును. తలకు నూనె తగిలిన పాయింట్లు చెడిపోవును. కాలికి నూనె అందనియెడల అరిగిపోవును. ఈ రెంటికి నడుమ కాపలాయున్నది వ్రేలికి తొడుగు ఉంగరమంత రబ్బరు రింగు.

మేస్త్రీ విజయవాడ ఆటోనగరునుండి ఒక లోకలు డిస్ట్రిబ్యూటరు తెప్పించి బిగించెను. వెల 3,200 రూపాయలు, కూలి 600. బండి చక్కగా నడిచెను. పది దినములు గడచిన తరువాత చూచితిమి గదా, డిస్ట్రిబ్యూటరు మొదట అంతయు నల్లని నూనె, క్రింద నేలమీద చేటంత మరక.

అప్పుడు మేము చేసినది చెప్పుటకు సిగ్గుగా నున్నది. సోమవారపు సంతలో టీ కొట్టు దగ్గర ఎనిమిదిమంది కూర్చుండిన చోట, "ఆ షెడ్డువాడు సంఘం డబ్బు తిని డూప్లికేటు సామాను అంటగట్టాడు" అని మేము బిగ్గరగా అంటిమి. తరువాత షెడ్డుకు పోయి డబ్బు అడిగితిమి. ఆయన కూలి 600, సామాను వెలలో సగము 1,600, మొత్తము 2,200 రూపాయలు తీసి ఇచ్చెను. వాదింపలేదు. వాదింపకపోవుటను మేము ఒప్పుకొనుటగా ఎంచితిమి. పాదిరితో వాదించి ఊరిలో బ్రదుకుట కష్టమని ఎరిగిన మనుష్యుడు ఊరకుండును అను ఆలోచన ఆ దినమున మాకు రాలేదు.

ఇంత నిశ్చయముగా మేమెట్లు తీర్పు తీర్చితిమి? ఇప్పుడు నెమ్మదిగా విప్పి చూచుకొనగా మా చేతిలో మూడు సాక్ష్యములుండెను. కొత్త సామాను వచ్చిన తరువాత నూనె కారెను. నూనె ఆ సామాను దగ్గరనే కనబడెను. సామాను లోకలుది. మూడును నిజములే. అయినను మూడింటిలో ఒక్కటియు నేరమును రుజువు చేయజాలదు.

మొదటిదానికి మన పెద్దలు ఎన్నడో పేరు పెట్టిరి, కాకతాళీయమని. కాకి వచ్చి తాటిచెట్టుమీద వాలెను, ఆ క్షణమందే పండు రాలెను. పండు రాల్చినది కాకియే యని చూచువాడు చెప్పును. పండు ఎన్ని దినములనుండి ముగ్గుచున్నదో అతడు అడుగడు. కొత్త కోడలు గడప దాటిన వారములో గేదె వట్టిపోయిన యెడల ఆ పిల్ల పాదము మంచిది కాదని మన ఇండ్లలో నేటికిని అనువారు లేరా? తరువాత వచ్చినది ముందు వచ్చినదానివలననే కలిగెనని తలంచుట మనకు ఎంత సులువో! మా బండి సంగతిలోను మా ఇంటివారే దీనిని బయటపెట్టిరి. "ఆ మరక పోయిన క్రిస్మసుకి కూడా ఉంది కదండీ, నేను గోనెపట్టా వేశాను" అనిరి. గోనెపట్టా తీసి చూడగా దాని క్రింద పాత మరక నల్లగా ఎండియున్నది. కొత్త సామాను రాకకు నాలుగు నెలలు ముందుదన్నమాట.

లోకలు అను మాటను గూర్చియు ఒకటి చెప్పవలెను. బయట చేసిన సామానంతయు చెడ్డది కాదు. కొలత కుదిరిన బయటి సామానుతో వేల బండ్లు తిరుగుచున్నవి. కాలు లావు ఎంత, రింగు మందమెంత, ఇరుసు పైకి క్రిందికి ఎంత కదలుచున్నది అని కొలిచి చూడవలెను గాని, పేరు విని త్రోసివేయుట పరీక్ష కాదు. మేస్త్రీ కూడ మా ఊరివాడు కాడు. మూడేండ్ల క్రిందట వేరు జిల్లానుండి వచ్చి షెడ్డు పెట్టుకొనినవాడు. బయటి సామాను, బయటి మనిషి. రెంటినీ ఒక్క త్రాటనే కట్టితిమేమో యని ఇప్పుడు అనుమానము కలుగుచున్నది. సొంత ఊరి మేస్త్రీయైన యెడల సంతలో ఆ మాట అనియుందుమా? అనియుండము.

డబ్బు తిరిగి వచ్చెను గాని నూనె ఆగలేదు. నెలకు ఒక లీటరు పోయవలసి వచ్చెను. ప్రక్క గ్రామమున ఆర్టీసీ డిపోలో ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దాయన ఒకరుండగా వారిని బ్రతిమాలి పిలుచుకొని వచ్చితిమి. మేము బానెట్టు ఎత్తి వ్రేలితో డిస్ట్రిబ్యూటరును చూపితిమి. ఆయన దానివైపు చూడనేలేదు. కిరసనాయిలు, బనీను గుడ్డలు, ముఖమునకు వ్రాసికొను పౌడరు డబ్బా అడిగెను.

"ముందు కడగాలండి. మురికి మీద సాక్ష్యం నిలవదు" అనెను.

ఒక గంటసేపు ఇంజను ప్రక్కనంతయు కడిగి తుడిచి ఆరబెట్టిరి. ఆ గంటలో ఆయన చెప్పిన మాటలు మాకు మంచి పాఠమైనవి. నూనె పుట్టిన చోట నిలువదు. బరువువలన క్రిందికి జారును. ముందు ఫ్యాను గాలివలన వెనుకకు పోవును. కాబట్టి తడి మెండుగా ఉన్న చోటు చూచి మోసపోకూడదు. తడి ఉన్నవాటిలో అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు ఏది తడిసెనో చూడవలెను. డిస్ట్రిబ్యూటరు దగ్గర నూనె కనబడుటకు త్రోవలు చాలనున్నవి. పైన టాపెట్ కవరు ప్యాకింగు ఎండిపోయిన యెడల అక్కడ కారి దీనిమీద పడును. ప్రక్కన ఆయిలు ఫిల్టరు బిగింపు వదులైనను ఈ చుట్టుపట్లనే తడియగును. ఇరుసు బుష్షు అరిగినచో నూనె ఇరుసువెంట ఎక్కి మూతలోనికి వచ్చును. మొదటిలోని రింగు పట్టు విడిచినచో బయటనుండి కారును. ఆయన డిస్ట్రిబ్యూటరు మూత విప్పి చూపెను, లోపల పొడిగానుండెను. అనగా ఇరుసువెంట ఎక్కుట లేదు. ఒక అనుమానితుడు విడుదలయ్యెను.

అప్పుడు అంతటను పౌడరు చల్లి బండి స్టార్టు చేయించెను. ఇంజను బాగుగా వేడెక్కువరకు ఎదురుచూచితిమి. టాపెట్ కవరు అంచు తెల్లగానే యుండెను. ఫిల్టరు చుట్టును తెల్లగానే. పావుగంట గడచిన పిమ్మట డిస్ట్రిబ్యూటరు మొదట, రింగు ఉండు చోట, వెంట్రుకవంటి నల్లని గీత ఒకటి పౌడరును తడిపెను.

చదువరులారా, ఆ క్షణమున మాకు సంతోషము కలిగెను. మా బండి నూనె కారుచుండగా మాకు సంతోషము! మేము అన్న మాట నిజమాయెననియే గదా. నిజము తెలిసికొనగోరి వెదకుచున్నామని మేము అనుకొనుచుంటిమి. మా మాట నెగ్గవలెనని వెదకుచుంటిమని ఆ సంతోషమే చెప్పెను.

పెద్దాయన మా ముఖము చూచి నవ్వి, "బయటికొచ్చింది ఇక్కడేనండి. తోసిందెవరో చూద్దాం" అనెను.

ఇంజను తిరుగుచుండగానే నూనె పోయు మూత విప్పి, ఆ రంధ్రముమీద ఒక కాగితపు ముక్క ఉంచెను. కాగితము ఎగిరి దూరముగా పడెను. వెనుక నల్లని పొగ గుప్పున వచ్చెను. మూత తీసియుంచి, మొదలు మరల తుడిచి పౌడరు చల్లగా, మరియొక పావుగంటవరకు అది పొడిగానే యుండెను. మూత బిగించిన కొద్దిసేపటికే నల్లని గీత తిరిగి వచ్చెను.

సంగతి ఏమనగా, సిలిండరులో పెట్రోలు మండినప్పుడు కొంత ఆవిరి పిస్టను ప్రక్కలనుండి క్రిందికి దిగుట ప్రతి ఇంజనులోను కలదు. పాతదైన కొలది అది హెచ్చును. ఆ ఆవిరి బయటకు పోవుటకు ఇంజను చేసినవారు బ్రీదరు పైపులు పెట్టిరి. ఊపిరి విడుచు త్రోవయన్నమాట. అవి మూసికొనిపోయిన యెడల ఆవిరి లోపల నిండి నూనెను త్రోయును. త్రోయబడిన నూనె బలహీనమైన చోటు ఎక్కడనో వెదకికొని అక్కడ బయటపడును. మా బండిలో బ్రీదరు త్రోవలు రెండు. క్రిందికి వంగిన గొట్టములో పెద్దాయన తీగ దూర్చగా గట్టిపడిన మన్ను రాలెను. బండి వానకాలమంతయు ఎక్కువగా నిలిచియున్నప్పుడు కందిరీగ ఒకటి అందులో గూడు కట్టుకొనినది. రెండవది టాపెట్ కవరునుండి గాలి వడపోత డబ్బాకు పోవు రబ్బరు గొట్టము. దానిని విప్పగా లోపల చెక్కిన కర్ర బిరడా ఒకటి బయటపడెను.

"ఇది ఎవరు పెట్టారండి?" అని ఆయన అడిగెను.

మేమే. రెండేండ్ల క్రిందట ఆ గొట్టమునుండి నూనె తుంపర వచ్చి వడపోతను తడుపుచున్నదని, బండిలో వాసన వచ్చుచున్నదని, మా చాకుతో మేమే కర్ర చెక్కి బిగించితిమి. అప్పుడు వాసన ఆగెను గనుక గొప్ప మరమ్మతు చేసితిమని సంతోషించితిమి, తరువాత మరచితిమి. ఒక త్రోవ కందిరీగ మూసెను, ఒక త్రోవ మేము మూసితిమి. కందిరీగకు ఇంజను సంగతి తెలియదు. మాకు ఆ సాకు లేదు.

అయితే రింగు తప్పేమియు లేదా? ఉన్నది. పెద్దాయన డిస్ట్రిబ్యూటరును బయటకు తీసి, పాతదానిని తెప్పించి, రెండు రింగులను ప్రక్కప్రక్కన పెట్టెను. కొత్తది పలుచగానుండెను. త్రోవలు తెరచియున్న ఇంజనులో అది చాలనాళ్లు నిలిచియుండునేమో. నూరు మైళ్లకు ఒక చుక్క విడిచియుండునేమో. ఇంత ఒత్తిడికి నిలువలేకపోయెను. పాత రింగు మందముగలది గనుక అది నిలిచి, ఒత్తిడి వేరే సందులు వెదకికొనెను. గోనెపట్టా క్రింది మరక వాటిది.

ఇక్కడనే అసలు ప్రశ్న యున్నది. బయటపడిన చోటు వేరు, త్రోసిన చోటు వేరు అయినప్పుడు నేరము ఎవరిది? అంతయు ఒత్తిడిదే యని రింగును పూర్తిగా విడిచిపెట్టుట సత్యము కాదు. పలుచని రింగు పలుచనిదే. కాని తడిసినది రింగే గనుక రింగునే శిక్షించుట మనకు అలవాటు. చూపుటకు అది సులభము, కంటికి కనబడును, మార్చుటకు వెల తక్కువ. లోపలి ఒత్తిడి ఎవరికంటికిని కనబడదు. దానిని వెదకినయెడల ఒక్కొక్కప్పుడు మన చాకుతో చెక్కిన బిరడాయే దొరకును.

రబ్బరు రింగు మాట వచ్చినది గనుక పెద్దలకు జ్ఞాపకముండు ఒక సంగతి చెప్పెదము. 1986 జనవరి 28న అమెరికా దేశములో ఛాలెంజరు అను అంతరిక్ష నౌక పైకి లేచిన 73 సెకండ్లలో బ్రద్దలై, ఒక బడి పంతులమ్మతో సహా ఏడుగురు చనిపోయిరి. ప్రక్కనున్న రాకెట్టు అతుకులోని రబ్బరు రింగు చలికి బిగిసి, మంటను ఆపలేకపోయినదని తేలెను. ఫైన్‌మన్ అను శాస్త్రవేత్త విచారణలో అందరియెదుట అట్టి రింగు ముక్కను మంచునీటిలో ముంచి, అది తన గుణమును ఎట్లు కోల్పోవునో చూపెను. అంతటితో ఆగినయెడల నేరము రింగుది. కాని విచారణ సంఘము ఇంకను లోపలికి పోయి చూచెను. ముందటి రాత్రి ఇంజనీర్లు ఇంత చలిలో ఎగురవేయవద్దని చెప్పియుండిరి. అంతకుముందటి ప్రయాణములలోనే రింగులు కాలిన గుర్తులు కనబడియుండెను. అయినను పైవారు తొందరపడి ఆ మాటను త్రోసివేసిరి. చెప్పవలసినవారి మాట పైకి పోవు త్రోవను మూసిన చోట ఏదో ఒక రింగు ఎక్కడనో పగులవలసినదే. ఆ సంఘము తన నివేదికలో రింగు తప్పును వ్రాసెను, నిర్ణయము చేసిన విధానపు తప్పును వ్రాసెను. ఒకటి వ్రాసి రెండవది విడువలేదు.

మన సంఘములలోను ఇట్లు జరుగుట లేదా? రెండేండ్ల క్రిందట ఒక యౌవనస్థుడు కూటములో లేచి పెద్దలమీద కేకలు వేసెను. అతనిని పాటల బృందమునుండి తీసివేసితిమి. అతడు కేకలు వేసినమాట నిజము. అంతకుముందు మూడు పర్యాయములు అతడు లెక్కలు చూపుడని మర్యాదగా అడిగెననియు, మూడు పర్యాయములును "తరువాత చూద్దాంలే" అని మేము అతని నోరు మూయించితిమనియు ఎవరును జ్ఞాపకము చేసికొనలేదు. ఆ వాసన మాకును సరిపడలేదు. అక్కడను బిరడా బిగించితిమి.

నాతాను ప్రవక్త దావీదునొద్దకు వచ్చి, ధనవంతుడొకడు బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను తీసికొనిన కథ చెప్పినప్పుడు, రాజు మిక్కిలి కోపించి నాలుగంతలు తిరిగి ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. మేము దీనిని ఎన్నియో మారులు ప్రసంగించితిమి. ఆ దినమున బిరడా చేతిలో పట్టుకొని నిలిచియుండగా క్రొత్తగా ఒకటి తోచెను. దావీదు తీర్పులో పొరపాటు లేదు. ధర్మశాస్త్రములో గొఱ్ఱెకు నాలుగు గొఱ్ఱెలని ఉన్నది. తీర్పు సరియైనదే, ముద్దాయి ఎవరో మాత్రమే ఆయనకు తెలియలేదు. తీర్పు సరిగానున్నందుననే మనుష్యుడు ఇంకను ధైర్యముగా తప్పిపోవును కాబోలు.

ఇక చెల్లింపు సంగతి. లేవీయకాండములో పొరుగువాని సొమ్మును అన్యాయముగా తీసికొనినవాడు అసలు చెల్లించి, దానిపైన అయిదవ వంతు కలిపి ఇయ్యవలెనని కలదు. మేము తిరిగి తీసికొనినది 2,200. అయిదవ వంతు 440. మొత్తము 2,640 రూపాయలు కవరులో పెట్టుకొని షెడ్డుకు పోతిమి. జరిగినదంతయు, బిరడా సంగతితో సహా, చెప్పితిమి.

మేస్త్రీ డబ్బు లెక్కపెట్టి 440 వేరుచేసి మా చేతిలో పెట్టెను. "ఇది వద్దండి అయ్యగారూ. రింగు పల్చగా ఉందని నాకు బిగించేటప్పుడే తెలుసు. మందంది తెప్పిద్దామనుకున్నాను. మీరు శనివారం సాయంత్రానికే బండి కావాలన్నారు కదా" అనెను.

నిజమే. ఆదివారము మూడు గ్రామములలో ఆరాధన యున్నదని రెండు పర్యాయములు ఫోను చేసి తొందరపెట్టితిమి. ఆ మాటయు మాకు జ్ఞాపకము లేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చుండిన తరువాత, మేము ఎన్నిటిని మరచితిమో చూచుకొనగా మాకే ఆశ్చర్యముగానున్నది.

"మరి అప్పుడే ఆ మాట ఎందుకు చెప్పలేదు నాయనా?" అని అడిగితిమి.

"చెబితే వింటారా అండి?" అనెను. కోపముతో అనలేదు, పానా తుడుచుకొనుచు అనెను.

440 రూపాయలకు లెక్క కుదిరెను గాని, సంతలో అన్న మాటకు అయిదవ వంతు ఎంత? దొంగిలిన గొఱ్ఱెను తిరిగి తోలుకొని రావచ్చును. ఎనిమిదిమంది చెవులలో పడిన మాటను ఎట్లు తోలుకొని వచ్చుట? షెడ్డులో మేమిద్దరమే యున్నప్పుడు క్షమించుమని అడిగి ఇంటికి వచ్చుట సుఖముగానుండెను. ఆయనయు ఫరవాలేదనెను. బహిరంగముగా అన్న మాటను చాటున వెనుకకు తీసికొనుట చెల్లింపు కాదని మా ఇంటివారు రాత్రి భోజనము దగ్గర చెప్పువరకు మేమును అంతటితో సరిపోయెననియే యుంటిమి.

తరువాతి సోమవారము అదే టీ కొట్టు దగ్గరకు పోతిమి. ఎనిమిదిమందిలో అయిదుగురుండిరి. నూనె కారుటకు అసలు కారణము మేము గొట్టములో పెట్టిన బిరడాయనియు, మేస్త్రీ సంఘము సొమ్ము ఒక్క రూపాయి తినలేదనియు చెప్పితిమి. ఒకరు "సరేలెండి అయ్యగారూ" అని మిరప ధర మాట ఎత్తిరి. మరియొకరు నవ్విరి. నిందను విన్నప్పుడు అందరును టీ గ్లాసులు దించి వినిరి. దిద్దుబాటును త్రాగుచునే వినిరి. ఆ అయిదుగురిలో ఒకరు తమ ట్రాక్టరును అప్పటికే వేరు షెడ్డుకు మార్చియుండిరి. అక్కడ పని బాగుగానే జరుగుచున్నదట. తిరిగి తెచ్చెదమని ఆయన అనలేదు, మేము అడుగుటకును నోరు రాలేదు.

బండికి ఇప్పుడు మందమైన రింగు వేయించితిమి. రెండు గొట్టములును తెరచియున్నవి. కొంచెము వాసన వచ్చుచున్నది, ఓర్చుకొనుచున్నాము. ఆ దినమున లేని ముగ్గురిలో ఇద్దరిని వారి ఇండ్లకు పోయి కలిసికొంటిమి. మూడవవారు పొగాకు పనికి దూరప్రాంతము పోయియున్నారు. పండుగకు వచ్చెదరని వారి తల్లి చెప్పినది. ఆ వారములో వెళ్లవలెను.